బావ నుదుటి వంపు

మా బావ దగ్గినప్పుడల్లా అతని ఎడమ కనుబొమ్మ పైన చర్మం ఉబ్బేది. లేచి కూర్చుంటే అదే చోటు లోపలికి పోయేది, గరిటెతో పెరుగు తీసిన చోటులా. అక్కడ ఎముక లేదు. ఆ చర్మం వెనకాల మెదడును కాపాడేదేమీ లేదని మా అందరికీ తెలుసు. ఆ మాట మాత్రం ఎవరమూ పైకి అనేవాళ్లం కాదు. అన్నం వడ్డిస్తున్నప్పుడు కూడా అక్క చూపు అతని కంచం మీద ఉండేది కాదు, నుదుటి మీదే ఉండేది.

రెండు వేల సంవత్సరం దాటి ఐదారేళ్లయిన రోజులవి. మాది వేంసూరు వైపు చిన్న పల్లె. అక్కను మణుగూరు అవతల, అడవి అంచునున్న ఊరికి ఇచ్చారు. బావ ఆ ఊళ్ల మధ్య ప్యాసింజర్ ఆటో నడిపేవాడు. ఎండాకాలం, బీడీలు చుట్టే తునికాకు కోతలప్పుడు మాత్రం ఆటో ఇంటి ముందు పెట్టేసి, ఊరివాళ్లతో పాటు తెల్లవారుజామునే అడవికి పోయేవాడు. ఆ ఏడు మే నెలలో అలా పోయినప్పుడే, పొద మాటున పిల్లలతో ఉన్న ఎలుగుబంటి అతని మీద పడింది. వెంట ఉన్నవాళ్లు కర్రలతో దాన్ని తరిమేసరికి నుదురూ కణతా చీలిపోయాయి. భద్రాచలంలో కట్టు కట్టి హైదరాబాదులోని పెద్ద ఆసుపత్రికి పంపారు. నుజ్జయి, మట్టీ ఆకులూ కలిసిపోయిన ఎముక ముక్కల్ని తీసి పారేయక తప్పలేదని అక్కడి డాక్టర్లు చెప్పారు. బావ బతికాడు. కన్ను కూడా దక్కింది. చీము పూర్తిగా ఆగి, చర్మం గట్టిపడ్డాక, ఖాళీ అయిన చోట కృత్రిమంగా పలక అమరుస్తామన్నారు.

దానికి నెలలు పట్టింది. అన్ని రోజులూ అక్కా బావా ఖమ్మంలో నా కిరాయి గదిలోనే ఉన్నారు, డాక్టరు దగ్గరగా ఉంటాడని. చలికాలం చివరికి వచ్చేసరికి మార్కెట్ యార్డుకు మిర్చి బస్తాలు రావడం మొదలైంది. మా వీధి చివర నుంచే బండ్లు పోయేవి. ఆ ఘాటుకు మామూలు మనిషికే తుమ్ములాగవు. అక్క తలుపులూ కిటికీలూ మూసి, సందుల్లో తడిగుడ్డలు కుక్కేది. అయినా బావకు దగ్గు వచ్చేది. దగ్గు మొదలవగానే అక్క పరుగున వచ్చి అరచేయి అతని నుదుటికి ఆనించి పట్టుకునేది, లోపలిదేదో బయటికి వచ్చేస్తుందన్నట్టు.

నేను బస్టాండు దగ్గర ఒక క్యాడ్ సెంటర్లో పాఠాలు చెప్పేదాన్ని. డిప్లొమా, బీటెక్ పిల్లలకు కంప్యూటర్ మీద బొమ్మలు గీయడం నేర్పే చోటు అది. దాని ఓనరు మా ఊరి బడి సార్‌లా మెత్తగా మాట్లాడే మనిషి. తాతల నుంచీ పట్టణంలో చెక్కపని చేసిన ముస్లిం కుటుంబం వాళ్లది. పిల్లలకు తిన్నటి గీతలూ గుండ్రాలూ ఆయనే చెప్పేవాడు. వంపులు నాకు వదిలేసేవాడు, నాకు అవంటే ఇష్టమని తెలుసు గనక.

వంపు గీయడం ఎలాగంటే, తెర మీద కొన్ని చుక్కలు పెడతాం. గీత మొదటి చుక్క దగ్గర బయల్దేరి చివరి చుక్క దగ్గర ఆగుతుంది. మధ్యలో ఉన్నవాటిని తాకదు. అవి దూరం నుంచే దాన్ని తమవైపు లాగుతుంటాయి. ఒక్క చుక్కను కాస్త జరిపితే గీత మొత్తం ఒళ్లు సర్దుకుంటుంది. ఇలాంటి గీతల్ని అడ్డంగానూ నిలువుగానూ అల్లితే ఒక ఉపరితలం వస్తుంది. అన్నిటికంటే కష్టమైనది రెండు ఉపరితలాల్ని కలపడం. అంచులు తాకితే చాలదు, అక్కడ మూల కనబడుతుంది. మూల లేకుండా కలిపినా చాలదు. ఇటువైపు ఎంత వంపు ఉందో అటువైపూ అంతే వంపుతో మొదలవ్వాలి. అప్పుడే వేలితో రాస్తే అతుకు తెలియదు.

ఆపరేషన్ తేదీ ఇచ్చిన రోజు అక్కా బావలతో పాటు నేనూ హైదరాబాదు వెళ్లాను. పలక ఎలా చేస్తారని సర్జన్‌ను అడిగాను.

"టేబుల్ మీదే ఎముకలకు వాడే సిమెంటు కలిపి చేత్తో ఒత్తుతాం. గట్టిపడేలోపు షేప్ రావాలి. నడినెత్తి అయితే ఇబ్బంది లేదు. ఇది కనుబొమ్మ దగ్గర. అక్కడ ఎముక ఒకేసారి అన్నివైపులకూ తిరుగుతుంది."

"ముందే చేసి పెట్టుకుంటే సార్?"

"దేన్ని చూసి?"

"స్కాన్ చూసి. నేను కంప్యూటర్లో సర్ఫేసులు గీస్తాను సార్. మంచిగున్న కుడివైపును అద్దంలో లాగా ఎడమవైపుకు తిప్పి..."

ఆయన పెన్ను కింద పెట్టాడు. "ఇప్పటిదాకా ఏమేం గీశారు?"

"మిక్సీ మూత. నీళ్ల బాటిల్. బండి ట్యాంకు."

ఆయన నవ్వలేదు. "బాటిల్ సరిగ్గా రాకపోతే పారేయొచ్చమ్మా."

కాసేపు ఫిల్ములు తిరగేసి ఆయనే అన్నాడు: "ముందు నమూనా చూపించండి. కుదిరితే దాన్నుంచి అచ్చు తీసి మా డెంటల్ ల్యాబులో పలక చేయిస్తాను. కుదరకపోతే నా పద్ధతిలో నేను చేసుకుంటా. డేటు మాత్రం మార్చను. ఇంకొకటి. అంచు దగ్గర చిన్న మెట్టున్నా, దాని మీద చర్మం పలచబడి కొన్నాళ్లకు తెగుతుంది. తెగితే మళ్లీ ఇన్‌ఫెక్షన్. మళ్లీ అంతా మొదటికే."

బయట వరండాలో అక్క నా చేయి పట్టి పక్కకు లాగింది. "నీ పాఠాలకు మా ఆయన తలకాయే దొరికిందానే?"

"పాఠం కాదక్కా."

"మరేంది? డాక్టరు చేస్తా అంటుండు గదా. ఆయన్ని చెయ్యనియ్యి. రేపేమన్న అయితే నిన్ను నేనేమనాలె? చెల్లెవని ఊకుంటనా?"

బెంచీ మీద తువ్వాలు కప్పుకుని కూర్చున్న బావ తల ఎత్తకుండానే అన్నాడు: "చెయ్యనీ. ఆయన చేత్తో ఒత్తేది గూడ అందాజానే గదనే."

అక్క ఖమ్మం చేరేదాకా నాతో మాట్లాడలేదు.

స్కాన్ నా చేతికి ఫిల్ములుగానే వచ్చింది. ఒక్కో ఫిల్మ్ మీద తలను అడ్డంగా కోసి చూపినట్టు చిన్న చిన్న బొమ్మలు. ఎక్స్‌రే సెంటర్లో వాళ్ల లైటు పెట్టె మీద పెట్టి కెమెరాతో ఫోటోలు తీసుకున్నాను. వాటిని కంప్యూటర్లో పెట్టి, అంచున ఉన్న కొలబద్దతో సైజు సరిచేసి, ఒక్కో బొమ్మలో ఎముక బయటి అంచు వెంబడి చుక్కలు పెడుతూ పోయాను. చుక్క తెల్లటి ఎముక మీద పెట్టానా, దాని పక్కన మసక మీద పెట్టానా అన్నది ప్రతిసారీ సందేహమే. పాఠంలో అయితే పిల్లలకు "దగ్గరగా ఉంటే చాలు" అనేదాన్ని.

గీతల్ని ఒకదానిపై ఒకటి పేర్చి చూస్తే వచ్చిన తల మా బావది కాదు. నుదురు వెనక్కి వాలి ఉంది. ఎవరిదో ముఖం. అంతా మొదటి నుంచీ చూసుకుంటూ వస్తే, ఫిల్మ్ మూలన చిన్న అక్షరాల్లో స్కాన్ మిషన్ను వాల్చిన కోణం కనబడింది. తలను సరిగ్గా అడ్డంగా కాక ఏటవాలుగా కోస్తారని నాకు అప్పటిదాకా తెలియదు. గీతలన్నీ ఆ కోణానికి వాల్చాక బావ వచ్చాడు. నుదుటి మీద పెద్ద బొక్కతో, కళ్లు లేకుండా, తెర మీద మెల్లగా తిరుగుతున్నాడు. నేను తెర ఆర్పేసి కాసేపు బయట నిలబడ్డాను.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. కుడివైపు నుదుటిని తిప్పి ఎడమవైపు పెడితే అది బొక్కకు సరిపోలేదు. నడినెత్తి వైపు బాగానే కలిసింది. కణత దగ్గర లోతుగా దిగింది. కనుబొమ్మ దగ్గర అంచు కంటే పైకి లేచింది. ఉపరితలం మీద నల్లా తెల్లా చారలు పడేలా చేసి చూసే పద్ధతి ఒకటుంది. అతుకు నునుపుగా ఉంటే చారలు ఆగకుండా సాగిపోతాయి. ఇక్కడ చారలు అతుకు దగ్గర తెగి, పక్కకు జరిగి మళ్లీ మొదలవుతున్నాయి.

ఓనరు నా వెనక నిలబడి చూశాడు. "ఎవరి మొఖమైనా రెండు దిక్కులా ఒక్కతీరుగ ఉండదమ్మా. కొంచెం ఎక్కువుంటే డాక్టరు గీకేస్తడు. తేదీ దగ్గర పడుతుంది."

"గీకితే పలుచనైతది సార్. తక్కువున్న దగ్గర ఏం చేస్తరు?"

"అయితే అద్దం సంగతి మరిచిపో. ఉన్న అంచుల నుంచే గీసుకో."

నేను అప్పటికే ఆ మాటే ఆలోచిస్తున్నాను. మిగిలిన ఎముక అంచు ఏ దిశలో, ఎంత వంపుతో ఆగిపోయిందో అక్కణ్ణుంచే గీత మొదలుపెట్టి, అవతలి అంచును కూడా అలాగే చేరుకోవాలి. కుడివైపు బొమ్మ నడుమ ఉబ్బు ఎంతుండాలో చెప్పడానికి మాత్రమే. కానీ ఒక చోట అంచే లేదు. కనుబొమ్మ ఎముక బయటి కొస కూడా పోయింది. అక్కడ గీత ఎటు పోవాలో చెప్పేది ఏదీ లేదు. ఎటు లాగినా కంప్యూటర్ ఒప్పుకుంటుంది. దానికి బావ తెలియదు.

అదే వారం, ఒక మధ్యాహ్నం సెంటర్లో కరెంటు పోయి పిల్లలందర్నీ పంపేస్తుంటే, పక్క గదివాళ్లు ఫోన్ చేశారు. నేను వెళ్లేసరికి బావ నేల మీద ఉన్నాడు. స్నానానికి లేచి నడుస్తుంటే మూర్ఛ వచ్చిందట. కుడివైపు పడ్డాడు. గడపకు మోచేయి తగిలి రక్తం కారుతోంది. అక్క అతని తల ఒళ్లో పెట్టుకుని, కొంగు ఉండ చేసి ఎడమవైపు అడ్డం పెట్టి కూర్చుంది. కాళ్లూ చేతులూ కొట్టుకోవడం ఆగింది. అతను కళ్లు తెరిచి, ఎక్కడున్నాడో తెలియక పైకప్పు వైపు చూస్తున్నాడు.

"ఎడమ దిక్కు పడుంటే?" అంది అక్క. నన్ను అడగలేదు. గడపను అడిగినట్టు అంది.

ఖమ్మం డాక్టరు మాత్రలు పెంచాడు. తేదీ వెనక్కి జరపడానికి ఇక వీల్లేదని నాకు అర్థమైంది. కనుబొమ్మ కొసను కుడివైపు చూసే గీసి, ఫైలు తీసుకుని హైదరాబాదు బస్సెక్కాను. ఓనరుకు తెలిసిన అచ్చుల వర్క్‌షాపు ఒకటి ఉంది, ప్లాస్టిక్ డబ్బాలకు అచ్చులు చేస్తారు. వాళ్ల కంప్యూటర్ మిషన్ చెక్క దిమ్మను చెక్కుతుంటే పక్కనే నిలబడ్డాను. పొట్టు రాలుతున్నకొద్దీ చెక్కలోంచి బావ నుదురు బయటపడింది.

దాన్ని సంచిలో పెట్టుకుని ఖమ్మం వచ్చాను. సర్జన్‌కు చూపించేముందు బావ ముఖం పక్కన పెట్టి చూద్దామని. బావ నిద్రపోతున్నాడు. అక్క చాటలో బియ్యం పోసి రాళ్లేరుతోంది. చెక్కను చూసి చాట పక్కకు జరిపింది. చేతులు చీరకు తుడుచుకుని దాన్ని ఒళ్లోకి తీసుకుంది. కుడి బొటనవేలితో కనుబొమ్మ వెంట రాస్తూ పోయి, బయటి కొస దగ్గర ఆగింది. వెనక్కి వచ్చి మళ్లీ రాసింది.

"గిది ఆయనది కాదు."

"ఏందక్కా?"

"గిక్కడ గింత ఎత్తు లేకుండె. అణిగి ఉండేది. చిన్నప్పుడు ఎద్దు కొమ్ము తగిలిందట. తలకు నూనె పెడుతుంటే నా ఏలు గిక్కడ లోపటికి జారేది."

"ఫోటోల్లో కనపడట్లే అక్కా."

"ఫోటోలో ఏడ కనపడతది? ఏలుకు తెలుస్తది."

బావ లేచాక అడిగాను. ఎద్దు పొడిచిన సంగతి గుర్తుంది గానీ, గుంట ఉండేదో లేదో తనకు తెలియదన్నాడు. "నా మొఖం నేనెప్పుడు పట్టి చూసుకున్న?"

సంచిలో చెక్క నమూనా సిద్ధంగా ఉంది. దాన్ని అలాగే ఇచ్చేశాక కుదరకపోతే తప్పు కుడివైపు కొలతది, నాది కాదు. అక్క మాట మీద మార్చి, అది సరిపోకపోతే, మళ్లీ చెక్కించే సమయం లేదు. సర్జన్ చేత్తోనే ఒత్తాల్సి వస్తుంది. అక్కతో ఆ సంగతి చెప్పాను.

ఆమె బియ్యం చాట ముందుకు లాక్కుంది, ఏరలేదు.

"నాకు తెలిసింది నేను చెప్పిన. నీకు తెలిసింది నువ్వు చెయ్యి."

సెంటర్‌కు వెళ్లి ఫైలు తెరిచాను. కనుబొమ్మ కొస దగ్గరున్న రెండు చుక్కల్ని కిందికి జరిపాను. కణత వైపు నుంచి వచ్చే గీత తనంతట తానే సర్దుకుంది. చారలు వేసి చూశాను. అన్నాళ్లూ ఎంత లాగినా ఆ మూల దగ్గర గట్టిగా మెలిక తిరిగే చారలు ఇప్పుడు సాఫీగా సాగి, మిగిలిన ఎముక మీదికి వెళ్లిపోయాయి. అది రుజువు కాదని నాకు తెలుసు. నునుపుగా ఉన్న గీత నిజమైనదే కావాలని లేదు. అయినా ఓనరును పిలిచి చూపించాను. ఆయన కళ్లజోడు పైకి తోసి, తెరకు దగ్గరగా వంగి, "ఇది తీసుకపో" అన్నాడు.

మార్చిన ఫైలుతో చెక్కించిన రెండో చెక్కను సర్జన్ చేతిలో పెట్టాను. స్కాన్ పక్కన పెట్టి చాలాసేపు చూశాడు. "కుడివైపుకు ఇక్కడ తేడా ఉందేంటి?"

అక్క చెప్పిన మాట చెప్పాను. ఆయన తలుపు దగ్గర నిలబడ్డ అక్క వైపు చూశాడు. "మీకు ఖాయంగా తెలుసా?"

"అవ్ సార్," అంది అక్క. ఆయన చెక్కను పక్కన పెట్టి, పలక చేయమని డెంటల్ ల్యాబుకు ఫోన్ చేశాడు.

ఆపరేషన్ రోజు మేమిద్దరం మెట్ల మీద కూర్చున్నాం. వార్డుబాయ్ ఎవరి పేరు పిలిచినా అక్క లేచి నిలబడేది. నాకు ఆ చుక్కలు తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు. కళ్లు మూసుకుంటే చారలు అతుకు దగ్గర తెగుతున్నట్టే కనబడేది. అనుకున్న దానికంటే ఆలస్యమవుతుంటే, పలక సరిపోలేదని, లోపల సిమెంటు కలుపుతున్నారని ఖాయం చేసుకున్నాను. అక్కతో ఆ మాట అనలేదు.

సర్జన్ మాస్కు కిందికి లాగుతూ వచ్చాడు. "పలక కూర్చుంది. కణత దగ్గర కొంచెం గీకాను. కనుబొమ్మ దగ్గర ముట్టుకోలేదు." ఆ మాట చెప్పి లోపలికి పోయాడు. అక్క మెట్టు మీద అలాగే కూలబడి, నా భుజం మీద చేయి వేసింది. ఆసుపత్రి వరండాలో పోట్లాడుకున్న నాటి నుంచి ఆమె నన్ను ముట్టుకోవడం అదే మొదటిసారి.

అంతటితో అయిపోలేదు. కుట్లు ఆరకముందే బావకు జ్వరం వచ్చింది. ఒళ్లు వణికించే జ్వరం. సర్జన్ కట్టు విప్పి, అంచు పొడుగునా నొక్కి చూశాడు. "లోపల చీము పడితే పలక తీసేయాలి," అన్నాడు. ఆ రోజంతా నేను నీళ్లు కూడా తాగలేదనుకుంటాను. లోపలి అంచు ఎక్కడైనా గరుకుగా వదిలేశానా, పలక మందం ఒకచోట ఎక్కువైందా అని గుర్తు చేసుకుంటూ కూర్చున్నాను. మరుసటి రోజు రక్తపరీక్షలో మలేరియా అని తేలింది. అక్కావాళ్ల అడవి ఊళ్లలో ఏటా అందరికీ వచ్చేదే. నర్సు ఆ మాట చెప్పగానే అక్క రెండు చేతులూ జోడించి దండం పెట్టింది. మలేరియాకు ఎవరైనా సంతోషిస్తారా అని నర్సు మమ్మల్ని వింతగా చూసింది.

డిశ్చార్జి చేశాక ముగ్గురం బస్సులో ఖమ్మం బయల్దేరాం. బావ కిటికీ పక్కన కూర్చుంటానన్నాడు. అక్క వద్దంది, అతను వినలేదు. సూర్యాపేట దాటాక బస్సు ఒక గుంతలో దబ్బున పడి లేచింది. బావ తల కిటికీ ఊచకు కొట్టుకుంది. ఎడమవైపే. ఆ శబ్దం నాకు స్పష్టంగా వినబడింది. అక్క చేయి గాలిలోనే ఆగిపోయింది. మా ముందు సీటులోని మనిషి వెనక్కి తిరిగి చూశాడు.

బావ వేళ్లతో మెల్లగా తడుముకున్నాడు. ఒకసారి, ఇంకోసారి.

"తోలుకు తాకింది. లోపటేం కాలే," అన్నాడు.

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఎలుగుబంటి పడ్డ రోజు నుంచి అప్పటిదాకా ఆమె ఏడవగా నేను చూడలేదు. బావ ఆమెను ఊరడించలేదు. కిటికీ అద్దం మూసి, ఆమె వైపుకు కాస్త జరిగి కూర్చున్నాడు.

తర్వాత కూడా మాత్రలు ఆపలేదు. మూర్ఛ రెండుసార్లు వచ్చి ఆగిపోయింది. బండి నడపొద్దని డాక్టరు చెప్పడంతో ఆటో అమ్మేసి, మణుగూరు బొగ్గుగని కాలనీల దగ్గర పంచర్లు వేసే చిన్న షాపు పెట్టుకున్నాడు. ఎండ ముదిరితే ఆ చోట చర్మం కింద వేడిగా ఉంటుందంటాడు. గాయం మాత్రం మళ్లీ తెరుచుకోలేదు. ఆ వేసవిలో తునికాకు కోతకు ఊరంతా పోయింది. అక్క పోలేదు. బావను పోనివ్వలేదు.